ఊళ్లో క్యాంపింగ్ బ్యాన్ పెడుతున్నారట: కాగితం చదవడం నుంచి కౌన్సిల్‌లో మైకు దాకా

"ఫ్రీమాంట్‌లో ఇక నుంచి ఇల్లు లేనివాళ్లకి అన్నం పెడితే జైలట!"

ఫ్రీమాంట్ కాలిఫోర్నియాలో ఒక నగరం. 2025 ఫిబ్రవరిలో ఈ ఫార్వర్డ్ రాగానే మా వాట్సాప్ గ్రూపు రెండుగా చీలింది. "పోనీలే, ఇప్పటికైనా ట్రయిల్ మీద ప్రశాంతంగా నడవొచ్చు" అని సగం మంది. "అన్నదానం నేరమైన ఊళ్లో ఉన్నామన్నమాట" అని మిగతా సగం. రాత్రి పదకొండింటి దాకా సాగిన ఆ గొడవలో ఒకాయన మాత్రం "ఇంతకీ ఆ ఆర్డినెన్స్ ఎవరైనా చదివారా?" అని అడిగాడు. ఎవరూ చదవలేదు, నాతో సహా.

మర్నాడు లంచ్ బాక్సు ముందు పెట్టుకుని చదివాను. అసలు జరిగింది ఇది. ఫిబ్రవరి 11న ఫ్రీమాంట్ సిటీ కౌన్సిల్ 6-1 ఓట్లతో ఒక ఆర్డినెన్స్, అంటే ఊరి వరకు వర్తించే నియమం, ఆమోదించింది. వీధి, ఫుట్‌పాత్, పార్కు, వాగు గట్టు, ఇలా ఏ పబ్లిక్ స్థలంలోనూ డేరా వేసుకుని ఉండకూడదు. ఉంటే గరిష్ఠంగా 1,000 డాలర్ల జరిమానా, ఆరు నెలల జైలు. అన్నం పెట్టడం గురించి విడిగా ఏమీ రాయలేదు. కాకపోతే ఒక వాక్యం ఉంది: అలా ఉండడానికి కారణమైనా, అనుమతించినా, సాయపడినా, ప్రోత్సహించినా, దాచినా అదీ నేరమే. దుప్పటి ఇస్తే సాయపడినట్టా? పులిహోర పొట్లం ఇస్తే? "తిండీ బట్టా ఇచ్చేవాళ్ల కోసం పెట్టింది కాదు" అని సిటీ తరఫున చెప్పారు. అదే మాట కాగితంలో రాయలేదు కదా అని జనం పట్టుకున్నారు. నెల దాటగానే, మార్చిలో, కౌన్సిల్ ఆ వాక్యాన్ని తీసేసింది. డేరాల మీద నిషేధం మాత్రం అలాగే ఉంది.

అంటే మా గ్రూపులో రెండు జట్లూ కొట్టుకున్నది చదవని కాగితం గురించి. మీ ఊళ్లో ఆ పరిస్థితి రాకుండా ఏం చేయాలో నాకు తెలిసినంత వరకు చెబుతాను. మీరు బ్యాన్‌కి అనుకూలమైనా, వ్యతిరేకమైనా పని ఒకటే. నేను ఉండేది కాలిఫోర్నియాలో కాబట్టి పద్ధతులన్నీ ఇక్కడివే.

ఇప్పుడే ఎందుకింత హడావుడి

2018లో ఐడహో రాష్ట్రంలోని బోయిసీ నగరం కేసులో పశ్చిమ రాష్ట్రాల ఫెడరల్ అప్పీళ్ల కోర్టు ఒక హద్దు పెట్టింది. షెల్టర్‌లో, అంటే ఇల్లు లేనివాళ్ల వసతిలో, చోటు లేనప్పుడు బయట పడుకున్నందుకు మనిషిని శిక్షించకూడదని. 2024 జూన్ 28న సుప్రీంకోర్టు గ్రాంట్స్ పాస్ కేసులో 6-3 తీర్పుతో ఆ హద్దు చెరిపేసింది. గ్రాంట్స్ పాస్ ఆరిగన్‌లో నలభై వేల జనాభా కూడా లేని చిన్న ఊరు. దాని తీర్పు దేశం మొత్తానికీ వర్తించింది. నెల తిరక్కుండానే గవర్నర్ న్యూసమ్ డేరాలు తొలగించమని రాష్ట్ర శాఖలకు ఉత్తర్వు ఇచ్చాడు. 2025 మేలో, నగరాలు ఇలా రాసుకోవచ్చంటూ ఒక నమూనా ఆర్డినెన్స్ కూడా విడుదల చేశాడు. ఇవాళ కాకపోతే రేపు మీ ఊరి అజెండాలోనూ ఇది కనిపిస్తుంది.

వేరే రాష్ట్రంలో ఉంటే ముందు రాష్ట్ర చట్టం చూసుకోండి. టెక్సస్‌లో 2021 నుంచి రాష్ట్రమంతటా నిషేధం ఉంది. ఆస్టిన్‌లో అయితే 2019లో కౌన్సిల్ సడలించిన నిషేధాన్ని 2021 మేలో ఓటర్లే మళ్లీ తెచ్చుకున్నారు. టెనెసీలో 2022 నుంచి ఇది ఫెలనీ, అంటే తీవ్రమైన నేరం, దాకా వెళ్లొచ్చు. ఆరిగన్‌లో ఎదురు దారి: నగరాలు పెట్టే నియమాలు సహేతుకంగా ఉండాలని 2021లో రాష్ట్రమే చట్టం చేసింది. రాష్ట్రం ఒక గీత గీశాక సిటీ కౌన్సిల్‌తో ఎంత వాదించినా ఆ గీత దాటి లాభం ఉండదు.

అసలు కాగితం సంపాదించండి

ఆల్రెడీ పాసైన నియమమైతే సిటీ వెబ్‌సైట్‌లో మునిసిపల్ కోడ్, అంటే ఊరి నియమాలన్నీ ఒకచోట, ఉంటుంది. అందులో క్యాంపింగ్, ఎన్‌క్యాంప్‌మెంట్, లాడ్జింగ్ అన్న మూడు మాటలతో వెతకండి. ఇంకా ఓటింగ్‌కి రాలేదంటే అజెండా ప్యాకెట్ తెరవాలి. కాలిఫోర్నియాలో బ్రౌన్ యాక్ట్ అనే చట్టం ఉంది. దాని ప్రకారం మామూలు మీటింగ్ అజెండా 72 గంటల ముందు, స్పెషల్ మీటింగ్‌దైతే 24 గంటల ముందు బయటపెట్టాలి. మంగళవారం సాయంత్రం మీటింగ్ అనుకోండి, శనివారం సాయంత్రానికల్లా చేతికొస్తుంది. అంటే మీకు ఆదివారం ఒక్కటే ఖాళీ. క్రికెట్ మ్యాచ్ లేని ఆదివారమైతే మీ అదృష్టం.

ప్యాకెట్‌లో స్టాఫ్ రిపోర్ట్ అని ఒకటి, ఆర్డినెన్స్ ముసాయిదా అని ఒకటి ఉంటాయి. పాత నియమాన్ని మారుస్తున్నట్టయితే రెడ్‌లైన్ కాపీ కూడా పెడతారు, కొట్టేసిన మాటలు, కొత్తగా చేర్చిన మాటలు గుర్తులతో సహా. నేను ఎప్పుడూ రెడ్‌లైన్‌తోనే మొదలుపెడతాను. ఏం మారుతోందో పది నిమిషాల్లో తెలిసిపోతుంది.

పైనుంచి కిందికి చదవకండి

"వేర్‌యాజ్... వేర్‌యాజ్..." అంటూ మొదటి రెండు మూడు పేజీలు ఉపోద్ఘాతం ఉంటుంది. అది చివరికి వదిలేయండి. నిర్వచనాల దగ్గరికి వెళ్లండి. "క్యాంప్" అంటే ఏమిటని రాశారు? సుప్రీంకోర్టు కేసు నాటి గ్రాంట్స్ పాస్ నియమంలో డేరా ఉండక్కర్లేదు. పక్కగుడ్డలు, స్లీపింగ్ బ్యాగ్, పడుకోవడానికి వాడే ఏ సరుకైనా, స్టవ్ అయినా, తాత్కాలికంగా బతకడానికి అక్కడ పెడితే అది క్యాంప్‌సైటే. అంటే ఒక్క దుప్పటి చాలు. అదే దుప్పటి మీద మీరూ నేనూ పిల్లలతో కూర్చుని నక్షత్రాలు చూస్తే క్యాంప్ కాదు, ఎందుకంటే మనం అక్కడ బతకడం లేదు. ఎవరు బతుకుతున్నారు, ఎవరు నక్షత్రాలు చూస్తున్నారు అన్నది అక్కడికొచ్చిన పోలీసు తేలుస్తాడు. నిర్వచనం చదివేటప్పుడు మీ ఇంట్లోవాళ్లని అందులో పెట్టి చూడండి. వేసవి మధ్యాహ్నం పార్కులో దుప్పటి పరుచుకుని కునుకు తీసే మావయ్య అందులోకి వస్తాడా? వస్తే ఆ నిర్వచనం మరీ వెడల్పుగా ఉన్నట్టు.

కారులో పడుకోవడం కూడా ఉందేమో చూడండి. చాలామంది ఇల్లు పోయాక ముందు కారులోకి వెళ్తారు, డేరా తర్వాతి సంగతి. లాస్ ఏంజెలిస్‌లో వాహనాల్లో నివసించడం మీద ఉన్న పాత నియమాన్ని, ఏది నేరమో ఏది కాదో తేలనంత అస్పష్టంగా ఉందని 2014లో అప్పీళ్ల కోర్టు కొట్టేసింది. ఆ తీర్పు తర్వాత లాయర్లు జాగ్రత్తగా రాస్తున్నారు. అందరూ కాదు.

తర్వాత ఎక్కడ, ఎప్పుడు. ఊరంతానా, లేక స్కూళ్లు, పార్కులు, వాగుల దగ్గరేనా? ఇరవై నాలుగ్గంటలూనా, పగలేనా? గవర్నర్ నమూనాలో ఒకే చోట మూడు రోజులకు మించి ఉండకూడదని ఉంది. ఫ్రీమాంట్‌లో అసలు ఉండనే కూడదు. ఈ రెండింటికీ చాలా దూరం ఉంది కానీ, వార్తల్లో రెండింటినీ "క్యాంపింగ్ బ్యాన్" అనే రాస్తారు.

ఇక శిక్ష. ఇక్కడ నెమ్మదిగా చదవండి. ఇన్‌ఫ్రాక్షన్ అంటే ట్రాఫిక్ టికెట్ లాంటిది, జైలు ఉండదు. మిస్‌డిమీనర్ అంటే క్రిమినల్ రికార్డు. వీసా మీద ఉన్నవాళ్లకి ఈ తేడా విడిగా చెప్పక్కర్లేదు. గ్రీన్‌కార్డ్ ఫారంలో "ఎప్పుడైనా అరెస్టయ్యారా, సైటేషన్ వచ్చిందా" అన్న ప్రశ్న చూసి టెన్షన్ పడనివాడు మనలో ఎవడు? జరిమానా ఎలా పెరుగుతుందో కూడా లెక్క వేయండి. సుప్రీంకోర్టు కేసు నాటికి గ్రాంట్స్ పాస్‌లో మొదటి టికెట్ 295 డాలర్లు ఉండేది. కట్టకపోతే 537 డాలర్ల 60 సెంట్లు అయ్యేది. రెండు టికెట్లయితే పార్కులోకి రావద్దని ఆర్డర్ ఇచ్చే వీలుండేది. ఆర్డర్ దాటి వస్తే అక్రమ ప్రవేశం కింద ముప్పై రోజుల దాకా జైలు, 1,250 డాలర్ల దాకా జరిమానా ఉండేవి. అద్దె కట్టలేక బయటపడ్డ మనిషి చేతిలో ఈ కాగితాలు పెడితే ఏమవుతుంది? కట్టడు. కేసు పడుతుంది. తర్వాత అద్దెకి అప్లై చేసినప్పుడు బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో అదే ఎదురొస్తుంది. డేరా కనబడితే నాకూ భయమేస్తుంది, ట్రయిల్ మీద సూదులు చూసిన రోజులున్నాయి. అయినా ఈ లెక్క నాకు కుదరడం లేదు.

"సాయపడినా నేరమే" అన్న ముక్క ఉందేమో వెతకండి. క్యాంపింగ్ సెక్షన్‌లో కనబడలేదని ఊరుకోవద్దు. చాలా ఊళ్ల కోడ్‌లో మొదటి అధ్యాయంలోనే, ఏ నియమాన్ని ఉల్లంఘించడానికి తోడ్పడినా నేరమే అని ఒక సాధారణ సెక్షన్ ఉంటుంది. తిండి, నీళ్లు, బట్టలు, వైద్యం ఇవ్వడం దీని కిందకి రాదని స్పష్టంగా రాయమని అడగడం న్యాయమైన కోరిక. బ్యాన్ కావాలనేవాళ్లు కూడా దీనికి అడ్డు చెప్పరు.

చివరగా నోటీసు, సామాను. ఎన్ని గంటల ముందు చెప్పాలి, తీసుకెళ్లిన సామాను ఎన్నాళ్లు దాచాలి? గవర్నర్ ఉత్తర్వు రాష్ట్ర శాఖలకు పెట్టిన కొలత వీలైనంత వరకు 48 గంటల నోటీసు, 60 రోజుల దాపు. మీ సిటీ అంతకన్నా తక్కువ ఇస్తుంటే ఎందుకని అడగొచ్చు. మనిషి పక్కన లేడు కదా అని సామాను చెత్తబండిలో వేయకూడదని 2012లోనే లాస్ ఏంజెలిస్ కేసులో అప్పీళ్ల కోర్టు చెప్పింది. నోటీసు సంగతి మనకి కొత్తేం కాదు. 1985లో బొంబాయి ఫుట్‌పాత్ వాసుల కేసులో మన సుప్రీంకోర్టు అన్నదీ దాదాపు ఇదే: జీవనోపాధి బతికే హక్కులో భాగం, ఖాళీ చేయించొచ్చు గానీ పద్ధతి ప్రకారం, ముందుగా చెప్పి.

ఆ స్థలం ఎవరిది?

చాలా ఫిర్యాదులు ఇక్కడే దారి తప్పుతాయి. ఫుట్‌పాత్, సిటీ పార్కు సిటీవి. ఫ్రీవే వంతెన కింద స్థలం రాష్ట్రానిది, చూసేది కాల్‌ట్రాన్స్ అనే రాష్ట్ర రవాణా శాఖ. వాగులు, వరద కాలువలు ఎక్కువగా కౌంటీవో, నీటి డిస్ట్రిక్ట్‌వో. ఫ్రీమాంట్ దగ్గరి అలమీడా క్రీక్ ట్రయిల్‌ని చూసేది ప్రాంతీయ పార్కుల సంస్థ. పట్టాల పక్కన స్థలం రైల్వే కంపెనీది. సిటీ పెట్టే ఆర్డినెన్స్ వీటన్నిటి మీదా ఒకేలా పనిచేయదు. మా ఇంటి దగ్గర వంతెన కింద డేరాల గురించి ఒకాయన ఏడాది పాటు సిటీకి ఈమెయిళ్లు పెట్టాడు. అది సిటీ స్థలమే కాదని ఆయనకెవరూ చెప్పలేదు.

లెక్కలు అడగండి

మన సమాచార హక్కు దరఖాస్తు లాంటిదే ఇక్కడ పబ్లిక్ రికార్డ్స్ రిక్వెస్ట్. అక్కడ ముప్పై రోజులు, ఇక్కడ ఇస్తారో లేదో పది రోజుల్లో చెప్పాలి. మామూలు ఈమెయిల్ చాలు, కారణం రాయక్కర్లేదు. మూడే అడగండి: ఊళ్లో షెల్టర్ పడకలు ఎన్ని, గత ఏడాది సగటున రోజుకు ఎన్ని ఖాళీగా ఉన్నాయి, డేరాలు ఖాళీ చేయించడానికి ఎంత ఖర్చయింది. అమెరికా మొత్తం మీద 2024 జనవరిలో ఒక్క రాత్రి లెక్కపెడితే ఇల్లు లేనివాళ్లు 7,71,480 మంది. ఆ అంకె ఎంత చెప్పినా కౌన్సిల్ మెంబరు కదలడు. "మన ఊళ్లో పడకలు ఇన్ని, నిన్న ఖాళీ రెండు" అంటే తలెత్తి చూస్తాడు.

ఖాళీ పడకలున్నా వద్దంటున్నారని సిటీవాళ్లు అంటే, ఆ పడకల షరతులేంటో కూడా అడగండి. భార్యాభర్తల్ని విడదీస్తారా, కుక్కని రానిస్తారా, రాత్రి షిఫ్టు చేసేవాడు పదింటికల్లా లోపల ఎలా ఉంటాడు? శాన్ హోసేలో 2025లో, మూడుసార్లు షెల్టర్ వద్దన్నవాళ్లని అరెస్టు చేసే వీలు కల్పించారు. అలాంటి నియమం వచ్చే చోట ఈ ప్రశ్నలు ఇంకా ముఖ్యం. తొలగించినవాళ్లు ఎక్కడికి పోతారన్నదీ అడగాలి. 2017 నవంబర్‌లో ఇవాంకా ట్రంప్ రాకకు ముందు హైదరాబాద్‌లో రెండు నెలల పాటు భిక్షాటన నిషేధించి, రోడ్ల మీదివాళ్లని జైలు ఆవరణలోని ఆశ్రమాలకు తరలించడం మనం చూసిందే. ఇక్కడ అలాంటి ఏర్పాటు కూడా లేకపోతే పక్క ఊరికి పోతారు, అంతే.

మీటింగ్ రోజు

సిటిజన్ కాకపోయినా మాట్లాడొచ్చు. ఓటు ఉండక్కర్లేదు. లోపలికి రావడానికి పేరు నమోదు చేసుకోవాలని షరతు పెట్టకూడదని బ్రౌన్ యాక్ట్‌లోనే ఉంది. స్పీకర్ కార్డు ఇస్తారు, నింపితే పిలవడం వాళ్లకి సులువు, నేను నింపుతాను. ఇంకో సంగతి మనవాళ్లలో చాలామందికి తెలియదు. దుబాసీతో మాట్లాడేవాళ్లకి రెట్టింపు సమయం ఇవ్వాలి. ఇండియా నుంచి వచ్చిన అమ్మ గుడిలో వారం వారం ప్రసాదం పొట్లాలు కడుతుంటే, ఆవిడ తెలుగులోనే చెప్పొచ్చు, పక్కన మీరు నిలబడి ఇంగ్లీషులో చెప్పొచ్చు.

నా మొదటిసారి సంగతి చెబుతాను. మూడు నిమిషాలిస్తారని విని, మూడు నిమిషాలకు సరిగ్గా రాసుకుని, అద్దం ముందు రెండుసార్లు చదివి వెళ్లాను. ఆ రోజు మాట్లాడేవాళ్లు ఎక్కువై, మనిషికి ఒక్క నిమిషమే అన్నారు. మైకు ముందు ఆకుపచ్చ దీపం వెలిగింది. నమస్కారం, పేరు, ఈ ఊళ్లో పదకొండేళ్లుగా ఉంటున్నాను, పిల్లలు ఫలానా స్కూలు... పసుపు. గొంతు సర్దుకున్నాను. ఎరుపు. నేను ఏం అడగడానికి వచ్చానో ఆ హాల్లో ఒక్కరికీ తెలియదు.

అందుకని ఇలా రాసుకోండి. మొదటి వాక్యంలోనే అడిగేది: "ఐటెం ఏడు మీద మాట్లాడుతున్నాను, సాయపడినా నేరమే అన్న వాక్యాన్ని తీసేయమని కోరుతున్నాను." సెక్షన్ నంబరు చెప్పండి. రెండో వాక్యం కారణం, మీ కళ్లతో చూసిందొకటి. మూడో వాక్యం దాని స్థానంలో ఏం రాయాలో. అయిపోయింది. మిగిలిన రెండు నిమిషాలు ఇస్తే పిల్లల స్కూలు గురించి చెప్పండి. ఇదే ముక్క ముందురోజే ఈమెయిల్ కూడా చేయండి. కాకపోతే అది పబ్లిక్ రికార్డు అవుతుంది కాబట్టి ఫోన్ నంబరు, ఇంటి అడ్రసు అందులో పెట్టకండి.

ఓటింగ్ అయిపోయిందని డీలా పడొద్దు. కాలిఫోర్నియాలో మామూలు ఆర్డినెన్స్ రెండుసార్లు కౌన్సిల్ ముందుకు రావాలి, మధ్యలో కనీసం ఐదు రోజులుండాలి. రెండోసారి పాసయ్యాక కూడా అమల్లోకి రావడానికి ముప్పై రోజులు. రెండోసారి వచ్చేది తరచుగా కన్సెంట్ క్యాలెండర్‌లో, అంటే చర్చ లేకుండా గుత్తగా ఆమోదించే జాబితాలో ఉంటుంది. వెతికితేనే కనబడుతుంది.

అమల్లోకి వచ్చాక

సాయం చేసేవాళ్లు ముందు తెలుసుకోవాల్సింది: ఒక మనిషికి ఒక పొట్లం ఇవ్వడం వేరు, గుడి తరఫున ప్రతి శనివారం వండి వడ్డించడం వేరు. రెండోదానికి కౌంటీ హెల్త్ డిపార్ట్‌మెంట్ దగ్గర రిజిస్ట్రేషన్ లాంటివి కావాల్సి రావచ్చు, ఫోన్ చేసి అడగండి. ఏం ఇవ్వాలన్నది కూడా ఆలోచించండి. నేను మొదట పులిహోర తీసుకెళ్లాను, చెడిపోదని. వాగు పక్కన డేరాలో ఉన్న పెద్దాయన ఒక ముద్ద తిని, వేయించిన శనగపప్పు తగలగానే దవడ పట్టుకున్నాడు. ఆయనకి ముందు పళ్లు నాలుగే ఉన్నాయి. తర్వాత నుంచి అరటిపళ్లు, మెత్తటి పెరుగన్నం, కొత్త సాక్సులు. సాక్సులు ఇచ్చినప్పుడు మాత్రం ఆయన ముఖం చూడాలి.

భయపడి ఫోన్ చేసేవాళ్లు: మంట, కొట్లాట, ప్రాణాపాయం ఉంటేనే 911. లేదంటే పోలీసుల నాన్-ఎమర్జెన్సీ నంబరు. షెల్టర్, ఔట్‌రీచ్ వర్కర్ (డేరాల దగ్గరికే వచ్చి సాయం చేసే మనిషి) కావాలంటే 211. డేరా ఫోటో గ్రూపులో పెట్టి "వీడు మన వీధిలో ఉన్నాడు" అని రాయకండి. మీరే వెళ్లి డేరా పీకడం, సామాను పక్కకి విసరడం అసలే వద్దు. అది మీ మీదికే కేసవుతుంది.

ఖాళీ చేయించే నోటీసు చెట్టుకో, కంచెకో ప్లాస్టిక్ కవరులో కట్టి ఉంటుంది. వాన పడితే అక్షరాలు కారిపోతాయి. ఆ పెద్దాయన కళ్లజోడు పగిలిపోవడంతో చదవలేకపోయాడు, నేను చదివి వినిపించాను. అందులో మూడు చూడాలి: ఏ తేదీ, ఏ సమయం, సామాను తీసుకెళ్తే మళ్లీ అడగడానికి ఫోన్ నంబరు. మూడూ ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి ఇవ్వండి. బర్త్ సర్టిఫికెట్, ఐడీ, మందులు, ఫోన్ ఛార్జర్ ఒకే సంచిలో వేసుకుని ఆ రోజు భుజాన ఉంచుకోమని చెప్పండి. మిగతా సామాను పోతే మళ్లీ దొరుకుతుందేమో గానీ, ఐడీ పోతే షెల్టర్ కాగితాలు, ఉద్యోగం కాగితాలు అన్నీ మళ్లీ మొదటికొస్తాయి. నోటీసు ఫోటో తీసి, ఆ సాయంత్రమే 211కి ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టి ఆయన చేతికివ్వండి. లైన్‌లో ఇరవై నిమిషాలు ఆగాల్సి రావచ్చు, మీ ఫోన్ ఛార్జింగ్ చూసుకుని వెళ్లండి.